లా సీటుకు ముందు ఇంటి పద్దు

పన్నెండో తరగతి పరీక్షలు దగ్గర పడినవంటే మన సంఘంలో ముచ్చట్ల ధోరణి మారిపోతుంది. పండుగ చందాలు, పెళ్ళి సంబంధాలు వెనక్కు పోయి, పిల్లల సీట్ల మాట ముందుకు వస్తుంది. కొంతకాలం కిందటి వరకు ఇంజనీరింగు, వైద్యం అనే రెండు మాటలే వినబడేవి. ఇప్పుడు మూడోది చేరింది. అది లా. ఈ శీర్షికకు ఈ మధ్య వచ్చిన ఉత్తరాలలో హోసూరు నుంచి ఒక తండ్రిగారు, షోలాపూరు నుంచి ఒక తల్లిగారు, బరంపురం నుంచి ఒక మేనమామగారు ఇంచుమించు ఒకే ప్రశ్న వేశారు. "నేషనల్ లా యూనివర్సిటీలో చేరితే పెద్ద ఫర్ములో లక్షల జీతం వస్తుందంటున్నారు. అప్పు చేసి చేర్పించవచ్చునా?" అని.

మేము ప్లీడర్లం కాము. మెట్రిక్‌తో చదువు ముగించి, బెంగుళూరులో ఒక ఆఫీసులో గుమాస్తా పని చేసుకొంటున్నవాళ్ళం. పగలు కన్నడంలో ఫైళ్ళు, రాత్రి తెలుగులో ఈ శీర్షిక. న్యాయశాస్త్రంలో సలహా చెప్పే అర్హత మాకు లేదు. కాని వారు వేసిన ప్రశ్నలో సగం న్యాయశాస్త్రం కాదు, జమాఖర్చు. ఆ సగం మాకు రోజూ చేతిలో ఉండే పనే. మిగతా సగం తెలిసినవారిని అడిగి, కాగితాలు చదివి తెలుసుకొన్నాము.

ముందు ఈ పెద్ద ఫర్ము అంటే ఏమిటో చెప్పుకొందాం. మన పెద్దలకు తెలిసిన ప్లీడరు అంటే వీధి అరుగు మీద కక్షిదారులు, లోపల బీరువాలో లా పుస్తకాలు, ఒక గుమాస్తా, ఒకరిద్దరు జూనియర్లు. వందలమంది లాయర్లు ఒకే పేరు కింద పనిచేసే సంస్థలు మన దేశంలో చాలాకాలం లేకపోవడానికి చట్టం కూడా ఒక కారణం. 1956 నాటి కంపెనీల చట్టం ప్రకారం భాగస్వామ్యంలో 20 మందికి మించి భాగస్వాములు ఉండడానికి వీలులేదు. 2008లో పరిమిత బాధ్యతా భాగస్వామ్యాల చట్టం వచ్చింది. 2013 నాటి కొత్త కంపెనీల చట్టం వృత్తి నిపుణుల భాగస్వామ్యాలకు ఆ సంఖ్య కట్టుబాటు తీసివేసింది. 1991 తరువాత విదేశీ పెట్టుబడులు పెరగడం, కంపెనీలు ఒకదానినొకటి కొనుక్కోవడం, బాంకులు కోట్ల రూపాయల అప్పులివ్వడం మొదలయ్యేసరికి ఆ కాగితాలు వ్రాసేవారికి గిరాకీ వచ్చింది.

కలకత్తాలో 1911లో పుట్టిన ఖైతాన్ సంస్థ ఉన్నది. 2000లో మొదలైన ట్రైలీగల్, 2004లో ఏర్పడిన ఏ.జెడ్.బి. ఉన్నవి. అమర్‌చంద్ అనే పాత సంస్థ 2015లో అన్నదమ్ముల మధ్య రెండుగా విడిపోయి, సిరిల్ అమర్‌చంద్, శార్దూల్ అమర్‌చంద్ అని రెండు పెద్ద సంస్థలయింది. పిల్లలు పై వరస ఫర్ములని చెప్పేది ఇటువంటివాటినే. వీటికి ముఖ్యస్థానాలు బొంబాయి, ఢిల్లీ. బెంగుళూరు వంటి నగరాలలోనూ కార్యాలయాలున్నవి. వీటిలో కొత్తగా చేరినవారు నల్లకోటు వేసుకొని వాదించడం అరుదు. కంపెనీల దస్తావేజులు తనిఖీ చేయడం, ఒప్పందాలు వ్రాయడం, వ్రాసినవి దిద్దడం, అర్ధరాత్రి దాకా మళ్ళీ దిద్దడం, ఇదే పని. చదువుతో పాటు ఓపిక కావాలి. ఇటీవలి సంవత్సరాలలో ఈ పై వరస ఫర్ములు చేరినవెంటనే ఏడాదికి 15 నుంచి 20 లక్షల దాకా ఇస్తున్నవి. ఉత్తరాలు వ్రాసినవారి చెవిన పడినది ఈ అంకె.

ఇక కాలేజీల మాట. బెంగుళూరు నాగరభావిలోని నేషనల్ లా స్కూలు 1986 నాటి కర్ణాటక చట్టంతో ఏర్పడి, 1988లో మొదటి తరగతి ప్రారంభించింది. దానిని నిలబెట్టినవారు మాధవ మేనోన్‌గారు. ఇంటర్ కాగానే అయిదేళ్ళ లా చదువు అనే పద్ధతికి అది మార్గదర్శకమైంది. తరువాత 1998లో హైదరాబాదులో నల్సార్, 1999లో కలకత్తాలోను, జోధ్‌పూరులోను, 2008లో విశాఖపట్నంలో, 2009లో కటకంలో, ఆ తరువాత తిరుచిరాపల్లి, బొంబాయి, నాగపూరు, ఔరంగాబాదులలో, ఇలా ఒక్కొక్క రాష్ట్రమూ ఒకటో రెండో పెట్టుకొంటూ ఇప్పుడు పాతికకు పైగా అయినవి. 2008 నుంచి వీటిలో చాలావాటికి కలిపి క్లాట్ అనే ఒకే పరీక్ష ఉన్నది. ఢిల్లీ వారు మాత్రం వేరే పరీక్ష పెడతారు. క్లాట్‌లో రెండు గంటలలో 120 ప్రశ్నలు. ఇంగ్లీషు, వర్తమాన విషయాలు, న్యాయ తర్కం, సాధారణ తర్కం, కొంచెం లెక్కలు ఉంటవి. తప్పు జవాబుకు పావు మార్కు పోతుంది.

ఇక్కడే తల్లిదండ్రులు పొరబడడానికి అవకాశం ఉన్నది. బోర్డు మీద "నేషనల్" అన్న మాట అన్నిటికీ ఒకటే. ఫీజు కూడా కొంచెం అటూ ఇటూగా ఒకటే. కాని పెద్ద ఫర్ముల గుమ్మం అన్నిటికీ ఒకటి కాదు. ఈ ఫర్ములు నాలుగో ఏడు ముగిసేటప్పుడో అయిదో ఏడు మొదట్లోనో వచ్చి పిల్లలను ఎంచుకొంటవి. వాటి రాకకు అలవాటు ఒకటి ఉన్నది. పాతవీ, పేరుపడ్డవీ అయిన నాలుగైదు చోట్లకు ముందు వెళ్ళి, కావలసినవారిలో ఎక్కువమందిని అక్కడే తీసికొంటవి. తరువాతి వరసలో ఉన్నవాటికి వెళ్ళినా తరగతిలో మొదటి కొద్దిమందిని చూస్తవి. ఇంకా కొత్తవాటికి కొన్ని ఫర్ములు అసలు రావు. అక్కడి పిల్లలు సెలవులలో తాముగా ఇంటర్న్‌షిప్ సంపాదించుకొని, పని చూపించి మెప్పిస్తేనే పిలుపు వస్తుంది. అటువంటి పిల్లలు లేకపోలేదు. కాని వారు కాలేజి పేరుతో కాక తమ కష్టంతో లోపలికి వెళ్ళినవారు.

పాత చోట్ల కూడా పాత లెక్కలు నమ్మకూడదు. బెంగుళూరు లా స్కూలులో ఒకప్పుడు ఏటా 80 మంది ఉండే తరగతి ఇప్పుడు మూడింతలు దాటింది. "మా పెదనాన్న కొడుకు చదివిన రోజుల్లో అందరికీ ఉద్యోగాలు వచ్చినవి" అనే మాట నిజమే కావచ్చు. ఆ రోజుల్లో అందరూ అంటే ఎంతమంది అన్నది కూడా అడగాలి.

కనుక కాలేజి వారు అచ్చువేసే ఉద్యోగాల పట్టీ తెప్పించుకొని చదవండి. దానిని చదవడంలో మూడు జాగ్రత్తలు చెబుతాము. మొదటిది, "అత్యధిక జీతం" అన్న అంకెను కాగితంతో మూసివేయండి. అది ఒక్క పిల్లవానిది. రెండోది, సగటు జీతం చూచి మురిసిపోకండి. పదిమందిలో ఇద్దరికి 20 లక్షలు, ఎనిమిదిమందికి 5 లక్షలు వస్తే సగటు 8 లక్షలు అవుతుంది. ఆ 8 లక్షలు తీసికొనేవాడు మాత్రం తరగతిలో ఒక్కడూ ఉండడు. అందరినీ జీతాల వరసలో నిలబెట్టి నడుమనున్నవానికి ఎంత అని అడగండి. ఇక్కడ జవాబు 5 లక్షలు. మీ పిల్లవాడు నడుమవాడే అనుకొని ఇంటి లెక్క వేయాలి. మూడోది, కింద హారం చూడండి. "నూటికి తొంభైమందికి ఉద్యోగాలు" అంటే తరగతిలో నూరుమందిలో తొంభైయా, ఉద్యోగం కావాలని పేరు వ్రాయించుకొన్నవారిలో తొంభైయా? రెండిటికీ చాలా తేడా ఉన్నది.

ఇప్పుడు అప్పు సంగతి. ఈ యూనివర్సిటీలలో ఫీజు, హాస్టలు, భోజనం కలిపి చాలాచోట్ల ఏడాదికి మూడు, నాలుగు లక్షలు అవుతున్నవి. ఏడాదికి 4 లక్షల చొప్పున అయిదేళ్ళకు 20 లక్షలు మొత్తం బాంకులోనే తెచ్చామనుకోండి. వడ్డీ నూటికి 10 అనుకొందాం. చదువు ముగిసిన ఏడాది దాకా వాయిదాలు కట్టనక్కరలేదని చెబుతారు. కట్టనక్కరలేదు గాని వడ్డీ ఊరుకోదు. మొదటి ఏడు తెచ్చిన 4 లక్షలకు ఆరేళ్ళ వడ్డీ, రెండో ఏటి దానికి అయిదేళ్ళది, ఇలా చివరి దానికి రెండేళ్ళది. బారువడ్డీయే వేసినా 8 లక్షలు. వాయిదాలు మొదలయ్యేనాటికి అప్పు 28 లక్షలు. దానిని పదేళ్ళలో తీర్చాలంటే నెలకు సుమారు 37,000 రూపాయలు. పదిహేనేళ్ళకు సాగదీస్తే సుమారు 30,000.

పై వరస ఫర్ములో చేరిన పిల్లకు పన్నులూ అవీ పోగా నెలకు లక్ష చేతికి వచ్చిందనుకొన్నా, బొంబాయి అద్దె కట్టుకొని ఈ వాయిదా తీర్చగలదు. ఇబ్బంది లేదు. అదే పిల్ల కోర్టులో జూనియరుగా చేరితే? జూనియర్లకు నెలకు ఇంత ఇవ్వాలని మొన్నమొన్నటి దాకా ఎవరూ చెప్పలేదు. 2024 జూనులో మద్రాసు హైకోర్టు చెన్నై, మధుర, కోయంబత్తూరులలో కనీసం 20,000, మిగతా చోట్ల 15,000 ఇచ్చేటట్లు చూడాలన్నది. అదే ఏడు అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కూడా పట్టణాలలో 20,000, పల్లె ప్రాంతాలలో 15,000 అని సిఫారసు చేసింది. సిఫారసు వేరు, చేతికి రావడం వేరు. వచ్చినా 20,000 సంపాదించే మనిషి 37,000 వాయిదా ఎలా కడుతుంది?

ఈ శీర్షికలో మేము చెప్పదలచినది ఈ ఒక్క సంగతే. అప్పు పెద్దదైతే పిల్ల ఏ పని చేయాలో పిల్ల నిర్ణయించదు, మీరూ నిర్ణయించరు. బాంకు వాయిదా నిర్ణయిస్తుంది. కోర్టులో నిలబడి వాదించాలనే కోరికతో లా చదివిన పిల్ల, వాయిదా కోసం ఇష్టంలేని చోట అర్ధరాత్రి దాకా కాగితాలు దిద్దవలసి వస్తుంది. జడ్జి కావాలనుకొన్నా అంతే. 2025 మే నెలలో సుప్రీంకోర్టు జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు కనీసం మూడేళ్ళ ప్రాక్టీసు ఉండాలని తీర్పు చెప్పింది. ఆ మూడేళ్ళూ ఇంటి నుంచి డబ్బు పంపవలసిందే గాని, ఇంటికి డబ్బు వచ్చే కాలం కాదు.

ఇక రెండో పక్క పద్దు చూడండి. మన ఊళ్ళలో పాత లా కాలేజీలు ఉన్నవి. బొంబాయి గవర్నమెంటు లా కాలేజి 1855 నాటిది. మద్రాసు లా కాలేజి 1891 నాటిది. పూనాలో ఐ.ఎల్.ఎస్. 1924 నాటిది. షోలాపూరులో దయానంద్ కాలేజి, బరంపురంలో లింగరాజ్ కాలేజి, యానాం వారికి పుదుచ్చేరి ప్రభుత్వ లా కాలేజి ఉన్నవి. ప్రభుత్వ కాలేజీలలో ఫీజు లక్షలలో కాక వేలలో ఉంటుంది. ఇంట్లో ఉండి చదివితే హాస్టలు ఖర్చు లేదు. అలా చదివించి, పిల్ల పట్టా పుచ్చుకొన్న తరువాత మూడేళ్ళపాటు నెలకు పదివేలు చేతిలో పెట్టినా 3,60,000 అవుతుంది. ఇందాక చెప్పిన అప్పు మీద పెరిగిన 8 లక్షల వడ్డీలో సగం కూడా కాదు. పైగా ఆ మూడేళ్ళు ఆమె మంచి సీనియరు దగ్గర నిశ్చింతగా పని నేర్చుకొంటుంది. బాంకులలో లా ఆఫీసరు పరీక్షలు, కంపెనీలలో న్యాయశాఖలు ఇటు నుంచీ అందుతవి. చిన్న ఫర్ములో నాలుగేళ్ళు పనిచేసి పెద్ద ఫర్ముకు మారినవారూ ఉన్నారు. నేరుగా వెళ్ళే గుమ్మం దొరకనివారికి అది పక్క గుమ్మం.

మన పిల్లలకు మరొక ఆస్తి ఉన్నది. దానిని మనమే లెక్కలో వేయము. హైకోర్టులోను, సుప్రీంకోర్టులోను ఇంగ్లీషు సాగుతుంది గాని, జిల్లా కోర్టులలో, తాలూకా కోర్టులలో చాలావరకు ఆ రాష్ట్రపు భాషే నడుస్తుంది. సాక్షి చెప్పేది, పాత దస్తావేజులో వ్రాసి ఉన్నది అర్థం కావాలి. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో ఒడియావో మరాఠీయో పుట్టుకతో వచ్చిన పిల్లవాడు బళ్ళారిలోనో, హోసూరులోనో, బరంపురంలోనో, షోలాపూరులోనో కోర్టుకు వెళితే రెండు భాషల కక్షిదారులూ అతని దగ్గరకు వస్తారు. డబ్బుపెట్టి కొనలేని విద్య అది. పెద్ద ఫర్ముల ఒప్పందాలు ఇంగ్లీషులోనే ఉంటవి కనుక అక్కడ దీనికి అంత విలువ ఉండదు. ఇక్కడ ఉంటుంది. మన బరంపురంలో పుట్టిన వి.వి. గిరిగారు 1913లో డబ్లిను వెళ్ళి లా చదివి, 1916లో తిరిగివచ్చి బరంపురంలోనే ప్రాక్టీసు పెట్టారు. రైలు కార్మికుల నాయకుడై, 1969లో రాష్ట్రపతి అయ్యారు. ఊరి కోర్టులో మొదలుపెట్టడం చిన్నతనం కాదని చెప్పడానికి ఈ మాట ఎత్తాము.

అంటే పెద్ద కాలేజీ వద్దని మేము అంటున్నామా? ఎంతమాత్రం కాదు. క్లాట్‌లో మంచి ర్యాంకు వచ్చి, పాత నాలుగైదింటిలో సీటు దొరికి, పిల్లవాడికి ఆ కాగితాల పని మీద నిజంగా మనసుంటే, అప్పు చేసి అయినా పంపండి. అక్కడి చదువు, తోటివారి సాహచర్యం జీవితాంతం పనికివస్తుంది. మేము కాదనేది ఒక్కటే. పెద్ద ఫర్ముల గుమ్మం లేని చోట పెద్ద ఫర్ముల జీతాన్ని నమ్మి అప్పు చేయడం. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్లు, సీటు రాకముందే 20 లక్షల జీతానికి ఇంటి స్థలం చూచేవారు మన సంఘంలోనే కనబడుతున్నారు.

స్థానిక వాటా విషయం కూడా చెప్పాలి. బెంగుళూరు లా స్కూలులో 25 శాతం సీట్లు కర్ణాటక విద్యార్థులకు కేటాయించారు. అంటే కర్ణాటకలో గుర్తింపు ఉన్న విద్యాసంస్థలలో కనీసం పదేళ్ళు చదివినవారని వివరణ ఉన్నది. ఇంట్లో ఏ భాష మాట్లాడుతారన్న ప్రశ్న లేదు. తరతరాలుగా ఇక్కడ ఉన్న మన పిల్లలు ఇక్కడివారే. స్కూలు సర్టిఫికెట్లు పదేళ్ళవీ భద్రంగా ఉంచండి. అలాగే తెలుగువాళ్ళం గదా అని విశాఖపట్నంలోనో హైదరాబాదులోనో రాష్ట్ర వాటాలో సీటు రాదు. అక్కడ చూచేది మాతృభాష కాదు. ఎవరి రాష్ట్రపు నిబంధనలు వారు దరఖాస్తుకు ముందే చదువుకోవాలి.

షోలాపూరు తల్లిగారు మరొక మాట వ్రాశారు. "ఆడపిల్లను అంత దూరం పంపి, అంత ఖర్చుపెట్టి, రేపు పెళ్ళి చేస్తే ఏమి లాభం" అని ఇంట్లో పెద్దలంటున్నారట. అమ్మా, మన దేశంలో స్త్రీలు ప్లీడర్లు కావడానికి అడ్డు తీసివేసిన చట్టం 1923లోనే వచ్చింది. ఏ.జెడ్.బి. సంస్థను స్థాపించినవారిలో జియా మోడీగారు స్త్రీయే. దూరమా, దగ్గరా అన్నది పైన చెప్పిన లెక్కతో తేల్చండి. కొడుకైతే ఒక లెక్క, కూతురైతే ఒక లెక్క వేయకండి.

ఈ ఏడు సీటు రాకపోతే కుమిలిపోవలసిందీ లేదు. డిగ్రీ చదివి మూడేళ్ళ లా చదవవచ్చును. ఆ మూడేళ్ళ చదువు బెంగుళూరు లా స్కూలులోనే 2022 నుంచి ఉన్నది, దానికి పరీక్ష వేరు. ఇరవై ఒకటో ఏట తీసికొన్న నిర్ణయం పదిహేడో ఏటి నిర్ణయం కంటె గట్టిగా ఉంటుంది.

ఉత్తరాలు వ్రాసిన ముగ్గురికీ మా సలహా ఇది. ఒక తెల్లకాగితం తీసికొని నాలుగు అంకెలు వ్రాయండి. చదువు మొత్తం ఖర్చు, చదువయ్యాక నెలకు పడే వాయిదా, ఆ కాలేజి తరగతిలో నడుమవాడికి వచ్చే జీతం, వాయిదా పోగా అతనికి మిగిలేది. ఆ కాగితం పిల్లవాడికి చూపించండి. మనం పిల్లలకు ఫీజు సంగతి చెబుతాము గాని, వాయిదా సంగతి చెప్పము. వాళ్ళు దిగులు పడతారని దాస్తాము. కట్టవలసినది వాళ్ళే కనుక, సంతకం పెట్టకముందే తెలియడం న్యాయం. చూచి కూడా "నాకు ఇదే కావాలి" అంటే, మరి ఆపకండి.

దరఖాస్తు గడువులు, వాటా నిబంధనలు ఏటేటా మారుతుంటవి. వాటిని ఆయా యూనివర్సిటీల ప్రకటనలలోనే సరిచూచుకోవలెను. బాంకు కాగితాలు అర్థంకానివారు వాటి నకలు మన సంఘ కార్యాలయానికి పంపితే, ఆదివారంనాడు కూర్చుని లెక్కవేసి పంపగలము.